మైమూన్ కుట్టిన పరుపులు

జనవరి 6, సోమవారం

ఈ డైరీ నేను కొన్నది కాదు. ఆసుపత్రిలో నడక నేర్పే అమ్మాయి ప్రియదర్శిని ఇచ్చింది. మందుల కంపెనీ వాళ్లు ఊరికే పంచినది, అట్ట మీద గుండె బొమ్మ ఉంది. "అక్కా, అన్న దినామూ ఎంత నడిచినాడో దీంట్లో రాసి పెట్టు, నేను వచ్చినప్పుడు చూస్తా" అంది.

ఈరోజు నడక: లేదు.

పేజీకి ఒక్క ముక్క రాసి వదిలేస్తే కాగితం దండగ. మిగతా చోటు నాకోసం వాడుకుంటాను. మా అత్తకు చదువు రాదు, మా ఆయనకు నా రాత అర్థం కాదు. ప్రియదర్శినికి చూపించే రోజు పై వరుస ఒక్కటే వేలు పెట్టి చూపిస్తాను.

ముందు ఆ ప్రమాదం సంగతి ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. ఎందుకంటే మా అత్త రోజుకో రకంగా చెబుతోంది, కొన్నాళ్లకు ఏది నిజమో నాకే తెలియకుండా పోతుంది. జరిగింది ఇది. మా ఆయన ఖాజా డబుల్ కాట్ పరుపు ఒకటి బండి వెనుక కట్టుకుని ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు బయల్దేరాడు. ఆటోలో వేసుకుని పోవయ్యా అని చెప్పాను. వినలేదు. ఊరు దాటాక బయలులో గాలి లేచింది. పరుపుకు గాలి పట్టింది. పరుపుతో పాటు బండి, బండితో పాటు ఈయన కాలువ పక్క గుంతలోకి పోయారు. ఇరవై ఏళ్లుగా పరుపులు కుట్టే మనిషి పరుపు మీద పడి ఉంటే ఒక అందం. ఈయన రాళ్ల మీద పడ్డాడు, పరుపు ఈయన మీద పడింది. తొడ ఎముక విరిగింది, రాడ్డు వేశారు.

మా అత్త చెప్పేది వేరు. "ఎండ తగలకుండా దేవుడే పరుపు కప్పినాడు" అంటుంది. అంతటితో ఆగదు. ఆ దారిన పోయే లారీ డ్రైవరు ఎవరిదో పరుపు పడి ఉంది కదా, ఎత్తుకుపోదామని ఆగాడట. ఎత్తి చూస్తే కింద మనిషి. ఆయనే ఆసుపత్రిలో చేర్చాడు. "వాని మనసులో ఆ ఆశ పెట్టింది ఎవరనుకున్నావు మే?" అని నన్ను అడుగుతుంది. దొంగబుద్ధి కూడా దేవుడి ఖాతాలోనే రాసేసింది. మరి ఆ గాలి ఎవరు పెట్టారని అడిగితే, చెవి వినపడనట్టు ఉంటుంది.

జనవరి 7, మంగళవారం

నడక: లేదు. కాఫీ తాగి గోడవైపు తిరిగాడు.

జనవరి 9, గురువారం

నడక: లేదు.

లేకపోవడానికి కారణం కూడా రాయాలి. ఆసుపత్రిలో మొదటిసారి వాకర్ ఇచ్చి నిలబెట్టినప్పుడు కాలు జారి ప్రియదర్శిని మీద పడ్డాడు. ఆ అమ్మాయి నవ్వింది. ఆమె నవ్వింది భయం పోగొట్టడానికని నాకు తెలుసు. ఇంటికి తెచ్చిన వాకర్ మూలన ఉంది, ఈయన మాత్రం ఆ రోజు నుంచి గోడకు అంకితమైపోయాడు. "నాకు చాతకాదు, గమ్మునుండు" అన్న మాట తప్ప ఇంకో మాట లేదు. నడవకపోతే కీలు బిగుసుకుపోతుందన్నారు డాక్టరు. కీలు బిగుసుకుంటే నేల మీద కూర్చోలేడు. నేల మీద కూర్చోలేనివాడు పరుపు కుట్టలేడు. పరుపు కుట్టని ఖాజాను నేను ఊహించుకోలేను, ఆయన కూడా ఊహించుకోలేక గోడను చూస్తున్నాడు.

పొద్దున గ్యాస్ అయిపోయింది. "చూసినావా మే, టీ కాగినాంకనే అయిపోయింది. ముందే అయిపోయింటే?" అంది అత్త.

"అసలు అయిపోకుండా ఉండింటే ఇంకా బాగుండు కదత్తా" అన్నాను.

"అంత ఆశ పనికిరాదు" అంది.

ఎదురింటి నిర్మలమ్మ బొరుగుల ఉగ్గాని తెచ్చింది, మిరపకాయ బజ్జీలతో సహా. ఎక్కువైపోయిందట. ఇన్నేళ్లుగా ఎదురెదురుగా ఉన్నాం, వాళ్లింట్లో ఉగ్గాని ఎప్పుడూ ఎక్కువ కాలేదు. మా ఆయన పడినప్పటి నుంచే ఎక్కువవుతోంది. పాపం ఆమెకు కొలత తప్పుతున్నట్టుంది. వయసు మీద పడుతోంది కదా.

ఆటో ఇమ్రాన్ కూడా అంతే. ఆసుపత్రికి పోవాలని ఎప్పుడు పిలిచినా "నేనూ ఆ పక్కకే పోతాండా అక్కా" అంటాడు. ఈ పిల్లవాడికి ఆ ఆసుపత్రి పక్కన ఇన్ని పనులు ఏముంటాయో నాకు అర్థం కాదు.

జనవరి 11, శనివారం

నడక: లేదు.

ఒక నిర్ణయానికి వచ్చాను. ఇంటి ముందరి అంగట్లో రెండు పరుపులు కుట్టకుండా ఆగిపోయి ఉన్నాయి, ఒకటి జమ్మలమడుగు భార్గవి టీచరుది, ఇంకొకటి ముద్దనూరు మహేష్ వాళ్ల నాయనది. అవి నేనే కుట్టేస్తాను.

అత్త ఒప్పుకోలేదు. మా దూదేకుల ఇళ్లలో సంగతి ఎలా ఉన్నా, ఈ ఇంట్లో మాత్రం ఒక పద్ధతి ఉంది. "ఆడోళ్లు దిండ్లు, మొగోళ్లు పరుపులు. మా మామ కాలం నుంచీ ఇంతే" అంది. నేను ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచి దిండ్లు నింపుతూనే ఉన్నాను. ఎన్ని వందలు నింపానో. దిండు పెద్దదైతే పరుపు, అంతే కదా. మొగవాళ్లు అనవసరంగా దాన్నొక పెద్ద విద్యలాగా చేసిపెట్టారు.

ఆయనకు చెప్పలేదు. ఆయన ఇప్పుడు ఏమీ వినే స్థితిలో లేడు.

జనవరి 13, సోమవారం

నడక: లేదు.

అక్షరాలు వంకరగా వస్తున్నాయి. దూది ఏకే మిషన్ వేశాను. వంగి దూది పెడుతుంటే పైట చెంగు మిషన్ పళ్లలోకి పోయింది. లాగితే రాలేదు, అదే నన్ను లాగుతోంది. అరిచాను. ముఖం దాదాపు డ్రమ్ము దాకా పోయాక మిషన్ టక్కున ఆగింది. కరెంటు పోయింది.

అత్త పరుగున వచ్చి దూది కుప్ప మీద కూలబడి రెండు చేతులూ పైకెత్తి ఏడ్చింది. ఏమేం పలికిందో తెలియదు, అందులో నా పేరు చాలాసార్లు వినిపించింది. మామూలుగా నా పేరు అన్నిసార్లు తలిచేది తిట్టేటప్పుడే.

లోపలికి పోయి చూస్తే ఈయన అలాగే మంచం మీద ఉన్నాడు. దుప్పటి కింద పడేసి, ఒక కాలు మంచం దిగేసి, ఒళ్లంతా చెమటతో ఉన్నాడు. "ఏమైంది, ఏమైంది" అని మాత్రం అడిగాడు. ఉతికిన దుప్పటి నేలపాలు చేసినందుకు నాలుగు మాటలు అని, కాలు ఎత్తి పైన పెట్టి వచ్చాను. "మిషన్ జోలికి పోవద్దు" అని గోడకు చెప్పాడు.

పెళ్లాం చావుకేక వేసినా లేవలేదు. ఈ మాట రాయకూడదనుకున్నాను, రాశాను.

మన వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు. అది పోవడం పెద్ద విశేషం కాదు.

జనవరి 14, మంగళవారం

నడక: లేదు.

కరెంటు సంగతి నిర్మలమ్మను అడిగాను. నిన్న వాళ్లింట్లో పోలేదట. వీధిలో ఎవరింట్లోనూ పోలేదట. ఇమ్రాన్ వచ్చి చూసి మా ఫ్యూజు కాలిపోయిందన్నాడు. "మిషన్ బిగుసుకుంటే పాత ఫ్యూజు గదక్కా, తట్టుకోలే" అన్నాడు. ఆ ఫ్యూజు తీసేసి గట్టిది వేయించమని నేను ఈయనకు ఎన్ని నెలలుగా చెబుతున్నానో లెక్కలేదు. రేపు అంటాడు, ఎల్లుండి అంటాడు. బద్ధకం. ఆ బద్ధకమే లేకపోయి ఉంటే.

అత్తకు ఈ ఫ్యూజు సంగతి చెప్పను. చెబితే ఈయన బద్ధకాన్ని కూడా దేవుడికి కట్టబెడుతుంది.

జనవరి 17, శుక్రవారం

నడక: లేదు.

నిర్మలమ్మను ఈయనకు కాపలా పెట్టి, అత్తా నేనూ పోయి భార్గవి టీచరు పరుపు ఇచ్చి వచ్చాం. దిండుకు నింపినట్టే సంచి మూతిలోంచి దూది బాగా కుక్కి, మూతి కుట్టేసి, దబ్బనంతో అక్కడక్కడా కుట్లు వేశాను. నిండుగా, కళగా వచ్చింది. ఈయన కుట్టేవి పాపం పలచగా, చదునుగా ఉంటాయి.

ఇమ్రాన్‌కు జమ్మలమడుగులో ఏదో పని ఉందట, తీసుకెళ్లాడు. ఆటో పైన పరుపును తాళ్లతో బిగించినా అత్తకు నమ్మకం కుదరలేదు. దారి పొడుగునా పక్క నుంచి చెయ్యి బయటపెట్టి తాడు పట్టుకునే కూర్చుంది. తాను పట్టుకుంటే గాలి భయపడుతుందని ఆమె లెక్క. ఇమ్రాన్ పని ఏమిటో తెలియలేదు. మేం వచ్చేదాకా టీ కొట్టు దగ్గర కూర్చుని ఉన్నాడు.

టీచరమ్మ పరుపు చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది. అంత బాగా కుదిరింది.

జనవరి 22, బుధవారం

నడక: లేదు. పక్కకు కూడా తిరగనంటున్నాడు.

భార్గవి టీచరు ఫోన్ చేసింది. "అక్కా, పరుపు నడుమ గుట్ట మాదిరి ఉండాది. మా ఆయన ఆ పక్క దొర్లిపోతాండాడు, నేను ఈ పక్క దొర్లిపోతాండా" అంది.

కొత్త పరుపు కదమ్మా, సర్దుకుంటుంది, కొత్తలో సంసారం కూడా అంతే కదా అని నచ్చజెప్పాను. ఆమె టక్కున ఫోన్ పెట్టేసింది. అర్థమైనట్టుంది.

అయినా ముద్దనూరు పరుపుకు జాగ్రత్త పడ్డాను. ఎత్తు రాకుండా మధ్యలో దూది తగ్గించి అంచులకు బాగా కూరాను. ఎవరైనా పొరపాటు చెబితే దిద్దుకునే గుణం నాలో ఉంది. ఈయనలో లేదు.

జనవరి 24, శుక్రవారం

నడక: లేదు. ముద్దనూరు పరుపు పంపించాను.

జనవరి 25, శనివారం

నడక: లేదు.

అత్త నిర్మలమ్మతో కలిసి బస్సెక్కి గండికి పోయి ఆంజనేయస్వామికి మొక్కుకుని వచ్చింది. శుక్రవారం దర్గాలో చెప్పుకోవడం ఉండనే ఉంది. ఇద్దరినీ ఎందుకు ఇబ్బంది పెడతావత్తా అన్నాను.

"వానికి దెబ్బ తగిలింది గాలి వల్ల కదా మే. ఈ సామి గాలిదేవుని కొడుకు. మీ నాయన చేసిన పని ఇది, నువ్వే చూసుకోవల్ల నాయనా అని చెప్పి వచ్చినా" అంది.

ఎంత నవ్వానంటే, ఆయన పడినప్పటి నుంచి అంత నవ్వలేదు. లోపల గోడవైపు నుంచి కూడా ఒక చప్పుడు వచ్చింది. దగ్గు అయి ఉంటుంది.

జనవరి 27, సోమవారం

ఈరోజు ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు కాలు వంచి చూస్తే ఈయన పళ్లు కొరుక్కున్నాడు. మోకాలు సగం కూడా వంగలేదు. డాక్టరు నన్ను బయటికి పిలిచి, ఇంకో నెల ఇలాగే పోతే ఇంక తాను చేసేది ఏమీ ఉండదని చెప్పారు. మంచి మనిషి, నెమ్మదిగానే చెప్పారు. ప్రియదర్శిని డైరీ అడిగింది. పేజీలు తిప్పి, పై వరుసలు చూసి, మూసి ఇచ్చేసింది. ఈసారి నవ్వలేదు.

ఇంటికి వచ్చాక మంచం పక్కన కూర్చుని బతిమాలాను. "ఒక తూరి లెయ్యప్పా. నేను పట్టుకుంటా. పడితే ఇద్దరం పడదాం" అన్నాను. గోడవైపే ఉండి దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

దేవుడా, మా అత్త నీ గురించి చెప్పేవన్నీ నేను నమ్మను, నీకు తెలుసు. టీ, గ్యాస్, లారీ డ్రైవరు, అవన్నీ నాకొద్దు. ఈ మనిషిని ఒక్కసారి నిలబెట్టు. నాకు భయంగా ఉంది.

జనవరి 28, మంగళవారం

నడక: లేదు.

పులివెందుల నుంచి ఆదినారాయణరెడ్డి కారులో దిగాడు. కూతురు పెళ్లి, వచ్చే నెల మధ్యలో. పెళ్లి పరుపు, దిండ్లు కావాలట. "మా యమ్మ పెండ్లికి ఖాజా తాత కుట్టినాడు, నా పెండ్లికి వాళ్ల నాయన కుట్టినాడు. మా ఇంట్లో పెండ్లి పరుపు ఈడ్నుంచే రావల్ల. ఖాజా యాడ?" అన్నాడు.

"లోపల ఉండాడన్నా" అన్నాను. అబద్ధం కాదు.

"కుట్టేది వాడే గదా?"

"ఇది ఆయన అంగడే కదన్నా" అన్నాను. ఇదీ అబద్ధం కాదు.

కారులోంచి ఒక గోతం చీనీకాయలు దింపి వెళ్లాడు, వాళ్ల తోటవి. రోగికి పండ్ల రసం ఇవ్వమని డాక్టరు చెప్పింది నిన్ననే అని అత్త నావైపు చూసింది. నేను ఆమెవైపు చూడలేదు.

జనవరి 30, గురువారం

నడక: లేదు.

ముద్దనూరు మహేష్ ఫోన్ చేశాడు. "అక్కా, మా నాయన ఆ పరుపు మీద పండుకుంటే లేయలేకపోతాండాడు" అన్నాడు. ముసలాయనకు అంత సుఖంగా ఉందన్నమాట. తర్వాత ఇంకా ఏదో చెప్పబోయాడు, సిగ్నలు సరిగా లేదు. నేనే పెట్టేశాను.

పెళ్లి పరుపు కూడా ఇదే పద్ధతిలో చేస్తాను.

ఫిబ్రవరి 1, శనివారం

నడక: లేదు.

మహేష్ పరుపును ట్రాక్టరులో వేసుకుని తిరిగి తెచ్చాడు. అంగడి ముందు, నలుగురూ చూస్తుండగా దింపాడు. "మా నాయన దీంట్లోకి పడినాడంటే ఇద్దరం రెండు చేతులూ పట్టుకుని లాగాల్సి వస్తాంది. నడుమ కాలువ ఉండాది అక్కా, గట్లు కూడా ఉండాయి. ఖాజా మామ కుట్టినది కాదిది" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. రెండింట్లో కోపానికే పని చెప్పాను. మీ నాయనకు మంచి పరుపు మీద పడుకునే అలవాటు లేదు, అందుకే ఒళ్లు సర్దుకోలేదు అన్నాను. మహేష్ మంచివాడు, తలవంచుకుని వెళ్లిపోయాడు.

ఈ పరుపులో తప్పు లేదని నిరూపిస్తాను. మా ఆయన మంచం మీద ఉన్నది ఎప్పటిదో పాతది, దాన్ని తీసేసి దీన్ని వేశాను. అత్తా నేనూ కలిసి ఆయనను దాని మీదికి చేర్చాం. ఎవరు కుట్టారని అడిగాడు. కడపలో కొన్నదని చెప్పాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

నడక: లేదు. గోడవైపు తిరగబోయి తిరగలేకపోయాడు. పరుపు ఆయనను మళ్లీ మధ్యలోకి తెచ్చింది. రోజంతా వెల్లకిలా పడుకుని మా ముఖాలే చూస్తున్నాడు. చాలా రోజులకు ఆయన ముఖం నిండుగా చూశాను. గడ్డం మాసిపోయింది.

"ఇది కుట్టినోడు ఎవడో చెప్పు" అని రెండుసార్లు అడిగాడు. వినపడనట్టు ఉన్నాను.

ఫిబ్రవరి 3, సోమవారం

ఎలా రాయాలో తెలియడం లేదు.

తెల్లవారుజామున నమాజు పిలుపు వినబడుతుంటే లేచాను. టీ పెడదామని ఆయన గదిలోంచి పోతున్నాను. మంచం ఖాళీగా ఉంది. చూస్తే ఆయన కిటికీ దగ్గర, రెండు చేతులతో వాకర్ పట్టుకుని, గోడకు ఆనుకోకుండా నిలబడి ఉన్నాడు. కాళ్లు వణుకుతున్నాయి. మంచం పట్టె పట్టుకుని ఎలా లేచాడో ఏమో, ముఖం కోపంతో ఎర్రగా ఉంది.

"మైమూన్, ఆ పరుపులో పండుకునేదానికన్నా నిలబడేది మేలు" అన్నాడు.

పోయి పట్టుకుందామంటే భయం, పట్టుకోకపోతే భయం. అక్కడే నిలబడ్డాను.

"దబ్బనం తే. కత్తెర తే. వాని చేతిపని ఏందో చూడల్ల నేను" అన్నాడు. తెచ్చాను. కిటికీ దగ్గర నుంచి మంచం దాకా వచ్చాడు. వాకర్ జరపడం, కాలు వేయడం, తిట్టడం. మళ్లీ జరపడం, వేయడం, తిట్టడం. ఆ కుట్టినవాడి ఏడు తరాలను తిట్టుకుంటూ వచ్చాడు. వాడిని అంతగా తిడుతుంటే విని నేను సంతోషంతో ఏడుస్తున్నాను.

మంచం అంచున కూర్చుని పరుపు మూతి విప్పాడు. లోపల చెయ్యి పెట్టాడు. పిడికెడు దూది బయటికి లాగి చూశాడు.

"ఇది దిండుకు కుక్కినట్టు కుక్కినారు" అన్నాడు. తలెత్తి నన్ను చూశాడు.

నేను పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వెళ్లిపోయాను. పొయ్యి ఇంకా వెలిగించలేదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

మంచం నుంచి అంగడి గడప దాకా. రెండుసార్లు.

అన్నీ చెప్పేశాను. భార్గవి టీచరు గుట్ట, ముద్దనూరు కాలువ, పులివెందుల పెళ్లి పరుపు. ఆయన తల పట్టుకున్నాడు. పరుపుకు దూది కుక్కకూడదట. గుడ్డ నేల మీద పరిచి, ఏకిన దూదిని పొర మీద పొరగా సమంగా వేసి, కర్రతో తట్టి, అప్పుడు పైగుడ్డ కప్పి చుట్టూ కుట్టుకు రావాలట. ఇరవై ఏళ్లు ఈ మనిషి ముందర కూర్చుని దిండ్లు నింపుతూ నేను చూసిందేమిటో నాకు తెలియదు.

తర్వాత తల వంచుకునే ఒక మాట అన్నాడు. "ఆ దినం మిషన్ కాడ నువ్వు అరిస్తే లేద్దామని కాలు దించినా. లేయలేకపోయినా. అప్పట్నుంచి నిన్ను చూడాలంటే సిగ్గయితాండె."

ఆ రోజు కింద పడిన దుప్పటి గుర్తొచ్చింది. దానికోసం తిట్టాను ఆయనను. ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

సాయంత్రం అత్త నా పక్కన చేరింది. ఆమె ఏం చెప్పబోతోందో నాకు తెలుసు, అయినా ఈసారి ఆపలేదు.

"చూసినావా మే, దేవుని దయ. నీకు పని రాకుండా చేసినాడు" అంది.

"అత్తా."

"కాదు, ఆలోచించు. నీకు కొంచెం వచ్చింటే? పరుపు ఒక మాదిరిగా కుదిరింటే? వాడు దాని మీదనే హాయిగా పండుకుని ఉండేటోడు, మనం పోయేదాకా. అస్సలు రానట్టు చేసినాడు చూడు, అదీ ఆయన లెక్క."

ఇంత మంది ఉండగా దేవుడికి పనికొచ్చింది నా చేతకానితనమా అని కోపం వచ్చింది. ఫ్యూజు సంగతి ఆమెకు చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకెప్పుడో తెలుసు, ఇమ్రాన్ చెప్పినాడు. నువ్వు చెప్తావేమోనని చూస్తాండా" అంది.

ఫిబ్రవరి 10, సోమవారం

వీధి చివరి దాకా పోయి వచ్చాడు.

పెళ్లి పరుపు మొదలైంది. ఆయన స్టూలు మీద కూర్చుని చెబుతాడు, నేను నేల మీద దూది పరుస్తాను. ఇక్కడ ఎక్కువ, అక్కడ తక్కువ, తియ్, వెయ్, తట్టు, ఇంకా తట్టు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈయన నాతో ఇన్ని మాటలు మాట్లాడలేదు. వాటిలో ఒక్కటీ మంచి మాట కాదు.

నిర్మలమ్మ వచ్చి ఆయన నిలబడటం చూసి గడపలోనే కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. గిన్నెలో ఉగ్గాని ఉంది. "ఎక్కువైపోయిందా వదినా" అని అడిగాను. "లేదు మే, మీకోసమే చేసినా" అంది. ఇన్నాళ్లూ ఎక్కువైంది అని ఎందుకు చెప్పిందో ఈరోజు అడగలేదు. అడగాల్సిన పని లేదు. నేను దాన్ని నిజమనుకున్నానని ఆమెకు తెలియకపోతే చాలు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఆటో చుట్టూ ఒక ప్రదక్షిణ.

తాళ్లు సరిగా కట్టారో లేదో చూడాలని తానే నడిచి వెళ్లాడు. ప్రతి ముడీ లాగి చూశాడు. పులివెందులలో తనకు పని ఉందని ఇమ్రాన్ మొదలుపెడితే, "నాకు తెలుసులేప్పా నీ పని" అన్నాను. వాడు సిగ్గుపడ్డాడు.

ఆదినారాయణరెడ్డి పరుపును వసారాలో మంచం మీద వేయించి, పెళ్లికూతురి కంటే ముందు తాను పడుకుని చూడాలన్నాడు. పడుకున్నాడు. మేం అభిప్రాయం కోసం నిలబడి ఉన్నాం. గురక వచ్చింది. ఆయనను లేపే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పెళ్లి పనులన్నీ ఆగిపోయాయి. పందిరి వేసేవాళ్లు కూడా మేకులు కొట్టడం మాని బయట కూర్చున్నారు. మాకు భోజనం పెట్టారు, ఆయన లేవలేదు. చివరికి ఆయన భార్యకు చెప్పి వచ్చేశాం.

దిండ్లు నేను ఒక్కదాన్నే నింపినవి. వాటి గురించి ఎవరూ ఏమీ అనలేదు. దిండు బాగుంటే దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఫిబ్రవరి 18, మంగళవారం

పెళ్లి పరుపు పోయిన దగ్గర నుంచి ఈయన మళ్లీ మెత్తబడ్డాడు. పొద్దున అంగట్లోకి వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. కూర్చుంటే కూర్చున్నట్టే. నడవమంటే సాయంత్రం అంటాడు, సాయంత్రమైతే రేపు అంటాడు. ఫ్యూజు బుద్ధి ఎక్కడికి పోతుంది.

భార్గవి టీచరు పరుపు తెప్పించి, విప్పి, మళ్లీ కుడుతున్నాను. ఆయన కుర్చీ ఒక మూల, వాకర్ పక్కనే గోడకు ఆనించి ఉంది. ఆయన వైపున్న పరుపు మూల నుంచి మొదలుపెట్టి అంచు కుట్టుకుంటూ పోయాను. ఆయన చెప్పినట్టే, సన్నగా, వరుసగా. అవతలి మూలకు చేరాక నాలుగు కుట్లు వంకరగా వేశాను. కావాలనే వేశాను.

ఆయన మెడ సాచి చూశాడు. "అదేంది?"

"యాడ?"

"ఆ మూల."

"బాగానే ఉండాది కదా."

ముఖం తిప్పుకున్నాడు. మళ్లీ చూశాడు. నేను తల ఎత్తకుండా ఐదో కుట్టు కూడా అలాగే వేశాను. కుర్చీ కిర్రుమంది. ఒక చెయ్యి గోడకు, తర్వాత బల్లకు, తర్వాత దేనికీ పెట్టకుండా నా దాకా వచ్చాడు. వాకర్ అక్కడే ఉండిపోయింది. మెల్లగా, ఒక కాలు బారజాపి, నేల మీద నా పక్కన కూర్చున్నాడు. చేతిలోంచి దబ్బనం లాక్కున్నాడు. "ఎన్ని తూర్లు చెప్పల్ల నీకు" అంటూ కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

మా అత్త లోపలి గడపలో నిలబడి ఇదంతా చూస్తోంది. రెండు చేతులూ పైకి లేస్తున్నాయి, నోరు తెరుచుకుంటోంది. గమ్మునుండమని కళ్లతోనే చెప్పాను. పరుపుకు ఇంకా రెండు మూలలు ఉన్నాయి.